ఏడో గడి

నార్పల మండలాఫీసులో
కిటికీ పక్క కంప్యూటరు నాది.
ఫ్యానేస్తే కాయితాలెగురుతాయని
మే నెలంతా ఫ్యానాపేసుకుని
పేర్లు కొడుతుంటాను.

పేరు, తండ్రో మొగుడో, వయసు,
ఊరు, ఆధారు, బ్యాంకు.
ఏడో గడి దగ్గర వేలు ఆలోచించదు.
మొదటి రెండక్షరాలు కొడితే చాలు,
మిగతాది మిషనే రాసుకుంటుంది:
అన్‌స్కిల్డ్.

నిన్నటికి నాలుగు వేల రెండొందల పదకొండు మంది.
ఒక్కరికీ వేరే మాట రాయలేదు నేను.

ఆ ముందు ముక్కను మాకు నేర్పింది
ఏడో తరగతిలో ఇంగ్లీషు అయివారు.
"అన్ తగిలిస్తే ఎనకున్నది చచ్చిపోతాదిరా" అన్నారు
సుద్దముక్క బోర్డుకి కొట్టి.
హ్యాపీ చచ్చిపోయింది. లక్కీ చచ్చిపోయింది.
నోటు పుస్తకం నిండా చంపుకుంటూ పోయాం.
పదికి పది మార్కులు.

సోమవారం గూగూడు నుంచి కుళ్లాయమ్మ వచ్చింది,
జాబుకార్డుని ప్లాస్టిక్ సంచిలో, సంచిని కొంగుముడిలో పెట్టుకుని.
"ఈడేం రాసినావు నాయనా, నా పేరెనక?"
చదివాను.
"అన్ని స్కిల్లా?" అంది.
కాసేపు నిజాయితీగా ఆలోచించి
"అన్నీ రావు లేబ్బా. ఈత రాదు. సైకిలు రాదు."

నోరు తెరిచి
మూసుకున్నాను.

వేలిముద్ర పెట్టమన్నాను. మిషను పట్టలేదు.
కొంగుకు రుద్ది పెట్టింది. పట్టలేదు.
ముప్పై ఏళ్లు జడ్డిగంలోకి శెనక్కాయ ఇత్తనాలు వదిలిన బొటనవేలు
వంక రాయిలా నున్నగా ఉంది.

ఆ జడ్డిగం నాకూ తెలుసు.
పదో క్లాసు సెలవుల్లో
కూలామె రాలేదని నాన్న నన్ను నిలబెట్టాడు గొర్రెనక.
పిడికిట్లో గింజలు.
ఎద్దుల నడక ఒకటి,
నా వేళ్ల నడక ఇంకొకటి.
పదునారిపోతోంది, కానీ, కానీ అని నాన్న అరుపు.
అరుపు పెరిగేకొద్దీ నా వేళ్లు బిగుసుకునేవి,
భయమేస్తే ఒక్కసారిగా వదిలేసేవి.

పదిహేను రోజులకు మొలిచింది నా పనితనం.
ఇక్కడ ఏడు మొలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ,
అవతల రెండు గజాలు బోడి,
మళ్లీ గుంపు.
రోడ్డున పోయే బస్సుల్లోంచి కూడా చదువుకోవచ్చు.
దాచేదానికి లేదు,
కాయలు పీకేదాకా అట్లే ఉంది
ఆకుపచ్చ అక్షరాలతో.

కంటిపాప మిషను తెప్పించేలోపు
కుళ్లాయమ్మ బల్ల మీద కూచుని నా మొహమే చూస్తోంది.
"నువ్వు రోడ్డుపక్క చేను ఓబులేసన్న కొడుకువి కదూ?
ఒక యేడు మీ చేను ఎట్ల మొల్చింది నాయనా!
ఆ పొద్దు నాకు జొరం.
లేకుంటే అట్లయ్యేది కాదు.
ఎవర్ని నిలబెట్టుకున్యాడో ఏమో మీ నాయన..."

నేను కీబోర్డు కేసి చూస్తున్నాను.

"పాపం, చెయ్యి తిరగలా వానికి.
తిరుగుతాదిలే అనుకుంటి."

అంతే. ఎగతాళి లేదు గొంతులో.
కంటిపాప మిషను వచ్చింది. ఆమె కన్ను పట్టింది.
కార్డు సంచిలోకి, సంచి కొంగులోకి,
ఆమె పన్నెండింటి బస్సులోకి.

చెయ్యి తిరగలేదు అంటే
అక్కడ ఏదీ చచ్చిపోలేదు.
ఒక చెయ్యుంది. ఇంకా తిరగాలి.
అయివారు ఉంటే అడిగేవాణ్ని
దీన్ని ఏ గడిలో రాయాలని.

తర్వాతి పేరు కొట్టాను.
తండ్రి, వయసు, ఊరు, ఆధారు, బ్యాంకు.
ఏడో గడిలో రెండక్షరాల తర్వాత
ఎందుకో వేలాగింది.

మిషను ఆగలేదు.